తెలుగు పుస్తకాల గ్రంథాలయంలో కోహా: చాలాకాలం వాడాక సమీక్ష

నెల్లూరు జిల్లాలోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఇష్యూ, రిటర్న్, కేటలాగు, సభ్యత్వాలు, ఫైన్లు, ఏటా జరిగే స్టాక్ వెరిఫికేషన్, టీసీకి ముందు ఇచ్చే నో డ్యూస్ అన్నీ కోహా అనే గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. అసలు మాట ముందే చెప్పేస్తాం. సాఫ్ట్‌వేర్ గట్టిది. కౌంటర్ దగ్గర రద్దీ ఎంత ఉన్నా తడబడదు. అయితే ఇన్‌స్టాల్ చేసి అలాగే వదిలేస్తే తెలుగు పుస్తకం బీరువాలో ఉన్నా తెర మీద దొరకదు. ఆ లోపం మనం చేయాల్సిన అమరికల్లోనే ఉంది. ఆ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి ఇక్కడ ఎక్కువగా దాని గురించే రాస్తున్నాం.

కోహా న్యూజీలాండ్‌లోని హోరోవెనువా లైబ్రరీ ట్రస్ట్ కోసం 1999లో తయారై, 2000 జనవరిలో వాడకంలోకి వచ్చిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. లైసెన్సుకు డబ్బు కట్టనక్కర్లేదు. డెబియన్ గానీ ఉబుంటు గానీ ఉన్న సర్వర్ మీద నడుస్తుంది. సమాచారం మరియాడీబీ అనే డేటాబేస్‌లో ఉంటుంది, వెతుకులాట పని జీబ్రా అనే భాగం చూసుకుంటుంది. యాభై వేల పుస్తకాల లోపు గ్రంథాలయానికి నాలుగు కోర్ల ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ హాయిగా సరిపోతాయి. ఖర్చంతా యూపీఎస్, స్కానర్లు, లేబుళ్ల మీదా, లైనక్స్ తెలిసిన మనిషి మీదా పడుతుంది. ఆ మనిషి లేకపోతే మాత్రం కోహా జోలికి పోవద్దు.

తెలుగు కేటలాగు అసలు కష్టం

పాత పుస్తకాల జాబితాలు చాలా గ్రంథాలయాల్లో అను ఫాంట్లలో టైపు చేసి ఉంటాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో చూస్తే చక్కటి తెలుగే. లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చకుండా కోహాలోకి ఎక్కిస్తే చెత్త ఎక్కుతుంది. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ వాటిని గుడ్డిగా నమ్మకూడదు. ఒత్తులు, ముఖ్యంగా ర ఒత్తు, పక్క అక్షరానికి జరిగిపోతుంటాయి. మార్చిన జాబితాను ఓపెన్‌రిఫైన్ అనే, జాబితాలు శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, దగ్గర దగ్గరగా ఉన్న పేర్లను గుంపులుగా చూస్తే ఒకే రచయిత నాలుగు రకాలుగా పడ్డ చోట్లు బయటపడతాయి. ఈ దిద్దుబాటు కోహాలోకి ఎక్కించక ముందే చేయాలి. తర్వాత ఒక్కో రికార్డు తెరిచి దిద్దడం కూలికి గిట్టదు.

రెండో గండం మార్క్ 21 ఫైలు దగ్గర. పుస్తక వివరాల్ని అంకెల పేర్లున్న ఫీల్డ్‌లలో రాసే గ్రంథాలయ ప్రమాణం అది. రికార్డు తలభాగంలో, లీడర్ అంటారు దాన్ని, 09 స్థానంలో చిన్న అక్షరం 'ఏ' ఉండాలి. ఇది యూనికోడ్ రికార్డు అని చెప్పే గుర్తు అదే. ఆ స్థానం ఖాళీగా ఉంటే దిగుమతి చేసుకునేటప్పుడు పాత మార్క్-8 పద్ధతిలో ఉందనుకుని కోహా అక్షరాల్ని మార్చబోతుంది, తెలుగంతా ప్రశ్నార్థకాలూ డబ్బాలూ అయిపోతుంది. మార్క్‌ఎడిట్‌లో ఫైలు తయారు చేసేటప్పుడే యూటీఎఫ్-8 ఎంచుకుని, లీడర్ సరిచూసుకుని, ముందు పదిహేను ఇరవై రికార్డులతో ప్రయత్నించండి. ఆ కొద్ది రికార్డుల్లో 'క్ష', 'జ్ఞ', 'ర్థ్య' లాంటి అక్షరాలున్న పేర్లు ఉండేట్టు చూసుకోండి.

ఇవన్నీ దాటి తెలుగు చక్కగా కనబడుతున్నా వెతుకులాట పనిచేయకపోవచ్చు. జీబ్రా మామూలుగా వచ్చే అమరిక లాటిన్ లిపి కోసం చేసింది. తెలుగు మాట కొడితే ఏమీ తేదు, లేదా సంబంధం లేని పుస్తకాలు తెస్తుంది. జీబ్రా ఫోల్డర్లోని డిఫాల్ట్ ఇండెక్స్ ఫైలు తెరిచి, క్యారెక్టర్ మ్యాప్ అని ఉన్న పంక్తుల బదులు, అన్ని లిపుల యూనికోడ్ అక్షరాల్నీ గుర్తించే ఐసీయూ చెయిన్ పంక్తులు పెట్టాలి. తర్వాత జీబ్రాను మళ్లీ మొదలుపెట్టి, రీబిల్డ్ ఆదేశంతో ఇండెక్సు మొత్తం కొత్తగా కట్టాలి. పాత ఇండెక్సు మీద కొత్త అమరిక పనిచేయదు. 'అమరిక మార్చాం, అయినా రావడం లేదు' అనేవాళ్లలో చాలామంది చేయనిది ఈ ఒక్క పనే.

ఇక్కడితో అయిపోలేదు. తెలుగులో 'ఆన్‌లైన్', 'రాజ్‌కుమార్' లాంటి మాటల మధ్య కంటికి కనబడని ఒక విభజక గుర్తు పడుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. కేటలాగులో గుర్తుతో ఉండి, విద్యార్థి ఫోన్లో గుర్తు లేకుండా కొడితే పుస్తకం దొరకదు. తెర మీద ఒత్తు రూపంలో తేడా ఉన్నా చదివితే రెండూ ఒకే మాట కాబట్టి తప్పెక్కడుందో ఎవరికీ అంతుపట్టదు. ఐసీయూ పదాల ఫైల్లో కంట్రోల్ అక్షరాల్ని తీసేసే నియమం ఒకటి ముందే ఉంటుంది గానీ, యూనికోడ్ లెక్కలో ఈ గుర్తు వేరే తరగతికి చెందింది, ఆ నియమానికి చిక్కదు. 200సి, 200డి అనే రెండు కోడ్‌లను (మొదటిది ఈ విభజక గుర్తుది, రెండోది దాని జంట అయిన కలిపే గుర్తుది) తీసేయమని మరో నియమం రాసి మళ్లీ ఇండెక్సు కట్టాలి. పని చిన్నదే, ఫలితం మాత్రం వెంటనే కనబడుతుంది.

సాఫ్ట్‌వేర్ ఏమీ చేయలేనిది ఇంకొకటి ఉంది. పాత పుస్తకాల మీద 'వ్యాకరణము' అని ఉంటుంది, పిల్లలు 'వ్యాకరణం' అని కొడతారు. ముగింపు వేరైంది కాబట్టి రెండూ కలవవు. మాట చివరను వదిలేసి వెతికే సౌకర్యం ఆన్ చేసుకుంటే 'వ్యాకరణ' అని కొట్టినవాళ్లకు రెండూ వస్తాయి, 'వ్యాకరణం' అని పూర్తిగా కొట్టినవాళ్లకు రావు. 246 ఫీల్డ్‌లో వాడుక రూపాన్ని రెండో శీర్షికగా రాయడమే దీనికి మందు. అదే ఫీల్డ్‌ను మళ్లీ వాడి ఇంగ్లీషు అక్షరాల్లో కూడా శీర్షిక రాస్తే, తెలుగు టైపింగ్ రాని పిల్లలకూ పుస్తకం దొరుకుతుంది. కందుకూరు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామంది ఫోన్లో నోటితో చెప్పి వెతుకుతున్నారు. ఫోను విని రాసేది వాడుక రూపమే, అందుకని 246 మీద పెట్టిన శ్రమ ఎక్కడికీ పోదు.

రచయితల పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఇంటిపేరు ముందుండే మన పద్ధతిలో రచయిత పేరు రాసే 100 ఫీల్డ్‌లో కామా ఎక్కడ పెట్టాలో మొదటి రోజే ఒక నియమం రాసిపెట్టుకోవాలి. తిక్కన, తిక్కన సోమయాజి, కొట్టరువు తిక్కన అని ముగ్గురు మనుషుల్లా పడితే, నెల్లూరులో కూర్చుని నెల్లూరు కవి పుస్తకాలన్నీ ఒకచోట చూపించలేని కేటలాగు తయారవుతుంది. ఒక రచయిత పేరు రూపాలన్నిటినీ కలిపి ఉంచే అథారిటీ రికార్డులో ఒక రూపాన్ని ప్రధానంగా పెట్టి, మిగతా వాటిని 400 ఫీల్డ్‌లలో చేర్చాలి. కోహాలో మాకు బాగా నచ్చిన భాగం ఇది. ఒకసారి చేసిన పని ఆ రచయిత ప్రతి పుస్తకానికీ అందుతుంది.

పాత సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చేవాళ్లు గమనించాల్సింది మరొకటి. ఒకే పాఠ్యపుస్తకం పది కాపీలుంటే పది రికార్డులుగా ఎక్కడం మామూలు. కోహా లెక్కలో అది ఒక రికార్డు, దాని కింద 952 ఫీల్డ్‌లో పది ఐటమ్‌లు. విడివిడిగా ఎక్కితే రిజర్వేషన్లు దెబ్బతింటాయి. విద్యార్థి ఒక రికార్డు మీద పేరు పెట్టుకుని ఎదురుచూస్తుంటాడు, అదే పుస్తకం ఇంకో రికార్డు కింద బీరువాలో ఖాళీగా ఉంటుంది.

లేబుళ్లు

కోహా లేబుల్ తయారీలో తెలుగు ముద్రించవద్దు. అది పీడీఎఫ్ కట్టే తీరులో ఒత్తులు విడిపోతాయి. లేబుల్ మీద యాక్సెషన్ నంబరు (గ్రంథాలయం ప్రతి కాపీకీ ఇచ్చే వరస సంఖ్య), వర్గ సంఖ్య చాలు. తెలుగు సాహిత్యానికి డ్యూయీ సంఖ్య 894.827, అది అంకెల్లోనే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఇష్యూ రసీదులు మాత్రం బ్రౌజర్ నుంచి వస్తాయి, వాటిలో తెలుగు శుభ్రంగా పడుతుంది.

బార్‌కోడ్‌లో సంస్థ పేరూ, శాఖ పేరూ, అడ్డగీతలూ ఇరికించాలని చాలామందికి ఉంటుంది. కోడ్ 39 అనే బార్‌కోడ్ రకంలో ఒక్కో అక్షరానికి సుమారు 16 సన్నగీతల వెడల్పు పడుతుంది, మొదలూ చివరా గుర్తులు అదనం. ఆరంకెల సంఖ్యకు మొత్తం ఎనిమిది అక్షరాలు, అంటే 128 సన్నగీతలు. ఒక్కో గీత 0.25 మి.మీ. అనుకుంటే 32 మి.మీ. ఏ4 కాగితానికి 65 వచ్చే 38.1 మి.మీ. లేబుల్ మీద అది సరిగ్గా సరిపోతుంది. పద్నాలుగు అక్షరాలు పెడితే గీత వెడల్పు సగానికి పడిపోతుంది, మామూలు యూఎస్‌బీ స్కానర్ చదవలేదు. ఉత్త అంకెలు పెట్టండి. ముందు సున్నాలు కావాలంటే ఎక్సెల్‌లో ఆ నిలువు వరసను ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి, లేకపోతే 000123 కాస్తా 123 అయి, అతికించిన లేబుల్‌కీ కేటలాగుకీ పొంతన పోతుంది.

వేడికి నల్లబడే రకం థర్మల్ లేబుళ్లు మన ఎండలకు వెలిసిపోతాయి. రిబ్బన్‌తో అచ్చయ్యే పాలిస్టర్ లేబుల్ ధర ఎక్కువైనా నిలుస్తుంది. పైన పారదర్శక టేపు వేయకండి. సముద్రపు గాలికి, వానాకాలపు చెమ్మకు అంచులు లేస్తాయి, మెరుపు వల్ల స్కానర్ తప్పు చదువుతుంది.

కరెంటు, వాన, బ్యాకప్

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ జిల్లాలో వానలు, తుపాన్లు. కరెంటు హఠాత్తుగా పోయి సర్వర్ ఆరిపోతే ఎక్కువగా దెబ్బతినేది జీబ్రా ఇండెక్సు. లక్షణం విచిత్రంగా ఉంటుంది. కౌంటర్లో బార్‌కోడ్ కొడితే ఇష్యూ అవుతుంది, పాఠకులు వెతికే కేటలాగు తెర ఓపాక్‌లో మాత్రం ఒక్క పుస్తకమూ కనబడదు. ఇష్యూ నేరుగా మరియాడీబీ నుంచి చదువుతుంది, వెతుకులాట జీబ్రా నుంచి వస్తుంది, తేడా అక్కడే ఉంది. పుస్తకాలన్నీ పోయాయని కంగారుపడి బ్యాకప్ ఎక్కించకండి. అలా చేస్తే ఆ రోజు ఇష్యూలు కూడా పోతాయి. రీబిల్డ్ ఆదేశం ఇస్తే చాలు. దీన్ని అసలు రానీయకుండా చూడాలంటే యూపీఎస్ బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనంతట తాను ఆగిపోయేట్టు యూఎస్‌బీ తీగ కలిపి అమర్చాలి. తీగ కలపని యూపీఎస్ బ్యాటరీ ఉన్నంతసేపు ఆదుకుంటుంది, ఆ తర్వాత జరిగేది అదే ప్రమాదం.

కోహా రోజూ బ్యాకప్ తీస్తుంది గానీ ముందుగా ఉన్న అమరికలో రెండు రోజులవే ఉంచుతుంది, అవీ అదే సర్వర్ డిస్కులో. సంక్రాంతి సెలవుల్లో ఏదైనా పాడైతే తిరిగొచ్చేసరికి మిగిలినవన్నీ పాడైన బ్యాకప్‌లే. రోజుల సంఖ్య కనీసం పదిహేనుకు పెంచండి, ప్రతి రాత్రీ ఒక కాపీ వేరే భవనానికి పంపండి. అది పై అంతస్తులో ఉంటే మంచిది. మూడు నెలలకోసారి ఇంకో కంప్యూటర్లో ఆ బ్యాకప్‌ను ఎక్కించి చూడండి. ఎక్కించి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోవద్దు.

ఫైన్ల విషయంలో క్యాలెండర్ టూల్ ప్రధానం. ఆదివారాలు, పండుగలు ఏడాది మొదట్లోనే నింపి, సెలవు రోజులు లెక్కించవద్దని అమరిక పెట్టాలి. తుపాను వల్ల కలెక్టరు సెలవు ప్రకటిస్తే అదే సాయంత్రం ఆ తేదీని చేర్చాలి. బస్సులు తిరగని రోజుకు విద్యార్థి దగ్గర ఫైన్ వసూలు చేయడం అన్యాయం. గడువు గుర్తుచేసే సందేశాలకు ఎస్‌ఎమ్‌ఎస్ కన్నా ఈమెయిల్ తేలిక. ఎస్‌ఎమ్‌ఎస్‌కు టెలికాం సంస్థల దగ్గర డీఎల్‌టీ అనే నమోదు, ప్రతి సందేశ నమూనాకూ అనుమతి కావాలి. జీమెయిల్ ద్వారా పంపితే యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి, ఉచిత ఖాతాకు రోజుకు 500 మందికి మించి వెళ్లవని గుర్తుంచుకోవాలి.

కొత్త విద్యార్థుల్ని సీఎస్‌వీ ఫైలుతో ఒకేసారి చేర్చవచ్చు. కార్డు నంబరుగా హాల్‌టికెట్ నంబరే పెట్టండి, గడువు తేదీ కోర్సు ముగిసే నెలకు పెట్టండి. చిరునామాలో జిల్లా పేరు మీద ఆధారపడి నివేదికలు తీయవద్దు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చింది, గూడూరు తిరుపతి జిల్లాకు పోయింది. ఒకే ఊరి పిల్లలు రెండు జిల్లాల కింద పడ్డారు. పిన్ కోడ్ మారదు.

విద్యాసంస్థల్ని మదింపు చేసే న్యాక్ వాళ్లు అడిగే వాడకం లెక్కలకు కోహాలో సిద్ధంగా ఉన్న నివేదికలు చాలవు, డేటాబేస్‌ను అడిగే ఎస్‌క్యూఎల్ ప్రశ్నలు రాసుకోవాలి. తేదీలు అడిగి లెక్క చూపే నివేదికను ఒకసారి రాసి దాచుకుంటే ఎవరైనా నడపవచ్చు. ఇక్కడ చాలామంది వదిలేసే మంచి సౌకర్యం ఒకటుంది. రీడింగ్ హాల్లో బల్లల మీద వదిలేసిన పుస్తకాలను బీరువాలో పెట్టే ముందు రిటర్న్ తెరలో స్కాన్ చేస్తే, ఇష్యూ కాని పుస్తకాన్ని 'స్థానిక వాడకం'గా నమోదు చేసే అమరిక ఉంది. ఇంటికి తీసుకెళ్లకుండా అక్కడే చదివే పోటీ పరీక్షల పుస్తకాల అసలు గిరాకీ దీంతోనే తెలుస్తుంది. ఏ పుస్తకాలకు అదనపు కాపీలు కొనాలో ఇష్యూ లెక్క కన్నా ఇదే బాగా చెబుతుంది.

మెనూల తెలుగు అనువాదం అసంపూర్తిగా ఉంది. సగం తెలుగు, సగం ఇంగ్లీషు తెర పిల్లల్ని తికమక పెడుతుంది. ప్రస్తుతానికి మెనూ ఇంగ్లీషులోనే ఉంచి, ఓపాక్ మొదటి పేజీలో తెలుగులో ఎలా వెతకాలో నాలుగు పంక్తులు రాసి పెట్టడం మేలు.

కొత్త వెర్షన్లు ఏటా మే, నవంబరు నెలల్లో వస్తాయి. 22.11 అంటే 2022 నవంబరు. నవంబరుది అప్పుడే ఎక్కించకండి, ఒకపక్క వానలు, మరోపక్క సెమిస్టరు పరీక్షలు. వేసవి సెలవుల్లో, ముందు ఒక నకలు సర్వర్ మీద చూసుకుని ఎక్కించండి. ఎక్కిస్తున్నప్పుడు, మీరు మార్చిన ఫైలును ఉంచాలా, ప్యాకేజీతో వచ్చిన కొత్తది పెట్టాలా అని తెర అడుగుతుంది. ఇండెక్స్ ఫైలు గురించి అడిగినప్పుడు కొత్తది పెట్టమంటే ఐసీయూ అమరిక పోయి, తెలుగు వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది. పాతదే ఉంచమని చెప్పండి. అప్‌గ్రేడ్ అయ్యాక మొదట 'వ్యాకరణం' అని కొట్టి చూడండి, ఇష్యూ కౌంటర్ ఆ తర్వాతే తెరవండి.