విండోస్ కీ + వి: ఐదేళ్లు వాడాక

ఒక ఆన్‌లైన్ ఫారంలో అరగంట కూర్చుని పెద్ద జవాబు రాశాను. ఎందుకైనా మంచిదని మొత్తం కాపీ చేసి పెట్టుకున్నాను. చివర్లో ఫోన్ నంబర్ గడి కనిపిస్తే, నంబర్ ఇంకోచోట నుంచి కాపీ చేసి అక్కడ పెట్టాను. సబ్‌మిట్ నొక్కగానే సెషన్ అయిపోయిందని వచ్చి, ఫారం మళ్లీ ఖాళీగా తెరుచుకుంది. కంట్రోల్ వి నొక్కితే వచ్చింది ఫోన్ నంబరే. రాసిందంతా పోయింది. ఆ రోజు పడ్డ బాధతోనే, చివరిదొక్కటే కాకుండా అంతకుముందు కాపీ చేసినవీ గుర్తుపెట్టుకునే క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్ చేశాను. ఐదేళ్లు దాటింది, మళ్లీ అలా ఏదీ పోలేదు.

విండోస్ 10లో 2018 అక్టోబర్ అప్‌డేట్‌తో వచ్చిందిది. విండోస్ 11లోనూ ఉంది. కంట్రోల్ వి బదులు విండోస్ కీ పట్టుకుని వి నొక్కాలి. మొదటిసారి ఆన్ చేయమని అడుగుతుంది. ఆన్ చేయకముందు కాపీ చేసినవి ఇందులో కనిపించవు. కాబట్టి అవసరం పడ్డాక కాదు, ఈరోజే ఆన్ చేసి పెట్టుకోండి.

ఆ తర్వాత కాపీ చేసినవి 25 దాకా గుర్తుంటాయి. కొత్తది పైన, పాతది కింద. కావాల్సిన దాని మీద క్లిక్ చేస్తే కర్సర్ ఉన్నచోట పడుతుంది. తెలుగు అక్షరాలతో నాకు ఏ ఇబ్బందీ రాలేదు.

నాకు ఎక్కువ కలిసొచ్చింది ఫారాలు నింపేటప్పుడే. ఇదివరకు పేరు కాపీ చేసి ఈ విండోకి రావడం, పేస్ట్ చేసి మళ్లీ ఆ విండోకి పోవడం, చిరునామా కాపీ చేసి మళ్లీ రావడం. ఇప్పుడు ఐదారు వివరాలూ వరసగా కాపీ చేసుకుని, ఒక్కసారే ఇటు వచ్చి, ఒక్కొక్కటీ వాటి గడుల్లో పెడుతున్నాను. విండోస్ కీ, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి తీసిన స్క్రీన్‌షాట్లు కూడా ఇందులోకే చేరతాయి.

రోజూ వాడేవి పిన్ చేసుకోవచ్చు. నేను ఈమెయిల్ చివర పెట్టే నాలుగు లైన్లు, కీబోర్డు మీద లేని డిగ్రీ గుర్తు ° పిన్ చేశాను. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే మిగతావన్నీ పోతాయి, పిన్ చేసినవి మాత్రం ఉంటాయి. ఈ సంగతి తెలియక మొదట్లో రెండుసార్లు ఇబ్బంది పడ్డాను.

లోపాలూ ఉన్నాయి. ఫైళ్లు, ఫోల్డర్లు కాపీ చేస్తే ఇందులో కనపడవు. ఒక్కో ఐటమ్ 4 ఎంబీ దాటకూడదు. వెతుక్కోవడానికి సెర్చ్ లేదు, కిందిదాకా స్క్రోల్ చేయాల్సిందే.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది పాస్‌వర్డ్‌లతో. ఫైల్లోంచో మెసేజ్‌లోంచో పాస్‌వర్డ్ కాపీ చేస్తే, అది కూడా అక్షరం అక్షరం కనపడేలా ఇక్కడ ఉండిపోతుంది. ఇంట్లో నలుగురూ వాడే కంప్యూటరైతే విండోస్ కీ + వి నొక్కిన ఎవరైనా చదివేస్తారు. అందుకే పాస్‌వర్డ్ పేస్ట్ చేసిన వెంటనే, ఆ ఐటమ్ పక్కన ఉన్న మూడు చుక్కల మీద నొక్కి డిలీట్ చేస్తాను. సీట్లోంచి లేచే ముందు క్లియర్ ఆల్ కూడా నొక్కుతాను, దాంతో పిన్ చేసినవేమీ పోవు.