వీఏవీ ఏసీనా, చిల్డ్ బీమ్ ఏసీనా? ఫైనలియర్ థీసిస్‌కు ఏది మేలు?

ఆర్కిటెక్చరల్ ఇంజనీరింగ్ ఫైనలియర్‌లో మెకానికల్ సిస్టమ్స్ మీద థీసిస్ తీసుకున్నవాళ్లలో చాలామంది చేసే పని ఇదీ: కట్టిన భవనం డ్రాయింగులు తెచ్చుకుని, అందులో ఉన్న ఏసీ వ్యవస్థను లెక్కగట్టి, దాని బదులు వేరేది పెడితే బాగుంటుందో లేదో తేల్చడం. ఉన్నది చాలాసార్లు వీఏవీ, అంటే గదికి పంపే చల్లగాలి పరిమాణాన్ని అవసరాన్ని బట్టి మార్చే వ్యవస్థ. దాని స్థానంలో పెట్టాలనుకునేది డీఓఏఎస్ (బయటి గాలిని మాత్రమే సిద్ధం చేసి పంపే యూనిట్), దాంతోపాటు చిల్డ్ బీమ్‌లు (చల్లటి నీళ్లు తిరిగే సీలింగ్ యూనిట్లు). కొందరు వీఆర్ఎఫ్ (చల్లబరిచే రిఫ్రిజిరెంట్‌ను పైపుల్లో గదుల దాకా పంపే ఏసీ) వైపు వెళ్తారు.

వీఏవీలో మూడు పనులూ గాలివే. ఊపిరికి బయటి గాలి తేవడం, గది వేడిని మోసుకుపోవడం, తేమ తీయడం. సుమారు 13 డిగ్రీల గాలి డక్టుల్లో వస్తుంది, గదిలో వేడి తగ్గితే డక్టులోని రెక్క (డాంపర్) కొంత మూసుకుంటుంది. రెండో పద్ధతిలో పనులు పంచుతారు. బాగా పొడిబార్చిన బయటి గాలిని డీఓఏఎస్ అనే చిన్న యూనిట్ గదులకు పంపుతుంది. వేడి పని మాత్రం సీలింగ్‌లోని బీమ్‌లలో తిరిగే చల్లటి నీళ్లది.

నీళ్లకు ఆ పని ఎంత తేలికో ఒక లెక్కలో కనిపిస్తుంది. 100 కిలోవాట్ల వేడిని 11 డిగ్రీల తేడాతో గాలి మోయాలంటే సెకనుకు 7.5 ఘనపు మీటర్ల గాలి కావాలి. సెకనుకు 6 మీటర్ల వేగంతో పంపినా డక్టు అడ్డకోత మీటరుకు మీటరు దాటుతుంది. అదే వేడిని 3 డిగ్రీల తేడాతో నీళ్లు మోస్తే సెకనుకు 8 లీటర్లు చాలు, 100 మిల్లీమీటర్ల పైపులో హాయిగా పోతాయి. ఫాల్స్ సీలింగ్ పైన మిగిలే ఆ జాగా స్ట్రక్చరల్ వాళ్లకూ ఆర్కిటెక్టుకూ కూడా అక్కరకొస్తుంది.

చాలా థీసిస్‌లు ఇక్కడే ఆగి తీర్పు చెప్పేస్తాయి. నా అభ్యంతరం అక్కడే. ఈ లెక్కలో తేమ లేదు.

రెండు గదులు తీసుకుందాం, రెండూ 40 చదరపు మీటర్లే. ఒకటి ఇద్దరు కూర్చునే ఆఫీసు, ఇంకోటి ఇరవైమంది కూర్చునే మీటింగ్ గది. ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంఘం) 62.1 ప్రమాణంలో రెండింటికీ మనిషికి 2.5 లీటర్లు, చదరపు మీటరుకు 0.3 లీటరు చొప్పున సెకనుకు బయటి గాలి అందాలి. ఆఫీసుకు 17 లీటర్లు, మీటింగ్ గదికి 62. ఇక వేడి. మనిషికి 75 వాట్లు, లైట్లు, యంత్రాలు కలుపుకుంటే ఆఫీసుకు 950 వాట్లు, మీటింగ్ గదికి 1,900 వాట్లు అనుకుందాం. వీఏవీలో ఆ వేడి తీయడానికి ఆఫీసుకు 72 లీటర్ల గాలి, మీటింగ్ గదికి 143 లీటర్లు పట్టాలి.

ఇప్పుడు తేమ. కూర్చుని పనిచేసే మనిషి నుంచి తేమ రూపంలో సుమారు 55 వాట్లు వస్తాయి. బీమ్ ఆ తేమ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే నీళ్లు కారతాయి. కాబట్టి అదంతా డీఓఏఎస్ గాలే తీసుకుపోవాలి. గది 24 డిగ్రీలు, 50 శాతం తేమతో ఉండి, వచ్చే గాలి డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీళ్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 9 డిగ్రీలయితే ఆఫీసుకు 17 లీటర్లు చాలు. ఊపిరికి కావాల్సిందీ అంతే! 72 లీటర్ల చోట 17. ఫ్యాన్ కరెంటులో, డక్టు సైజులో ఇది చాలా పెద్ద ఆదా.

మీటింగ్ గదికి అదే లెక్క వేస్తే 168 లీటర్లు వస్తాయి. వీఏవీ కంటే ఎక్కువ! 62 లీటర్లతోనే సరిపెట్టాలంటే గాలి డ్యూ పాయింట్ సున్నా కంటే కిందికి దిగాలి. మామూలు చల్లనీళ్ల కాయిల్ వల్ల అయ్యే పని కాదది. అక్కడ బీమ్ పెట్టినా ఖర్చే మిగులుతుంది.

అందుకే "ఈ భవనానికి ఏది మేలు" అన్న ప్రశ్నే నాకు సరిగా తోచదు. ఏ గదికి ఏది అని అడగాలి.

వీఏవీ పక్షాన చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. బయట చల్లగా, పొడిగా ఉన్నప్పుడు పెద్ద డక్టులతో మొత్తం బయటి గాలినే లోపలికి తోసి, నీళ్లను చల్లబరిచే యంత్రాన్ని (చిల్లర్) ఆపేయొచ్చు. డీఓఏఎస్ చిన్న డక్టులకు ఆ వీలు లేదు, చిల్లర్ లేకుండా కూలింగ్ టవర్ నీళ్లతోనే చల్లబరిచే ఎకానమైజర్ వెతుక్కోవాలి. పైగా ఫ్యాన్ కరెంటు గాలి పరిమాణానికి ఘనంలో మారుతుంది. సగం గాలికి ఆదర్శంగా ఎనిమిదో వంతే. డక్టులో గాలి ఒత్తిడిని ఒకే స్థాయిలో బిగించేస్తే ఆ లాభం చాలావరకు పోతుంది, అవసరాన్ని బట్టి తగ్గించే రీసెట్ ఉంటే దక్కుతుంది. పోలికకు తీసుకునే వీఏవీ మోడల్‌లో ఈ రీసెట్ తప్పక ఉండాలి. బలహీనమైన వీఏవీని నిలబెట్టి ఓడించడం పోలిక కాదు, చదివేవాళ్లను మోసం చేసినట్టే.

నిజాయితీగా పోల్చిన ఉదాహరణ కావాలంటే హైదరాబాద్ పోచారంలోని ఇన్ఫోసిస్ భవనం చూడాలి. ఒక సగానికి వీఏవీ, ఇంకో సగానికి స్లాబులో నీళ్లు తిరిగే రేడియంట్ కూలింగ్ పెట్టి విడివిడిగా కొలిచారు. రేడియంట్ వైపు 34 శాతం తక్కువ విద్యుత్తు అయిందని 2014లో ఆష్రే జర్నల్‌లో వచ్చింది. అది బీమ్ కాదు, స్లాబు. కానీ నీళ్లతో వేడి, గాలితో తేమ అన్న సూత్రం ఒకటే.

వీఆర్ఎఫ్ గురించి రెండు మాటలు చాలు. డక్టులు తక్కువ, పాత భవనాలకు బాగా కుదురుతుంది. ఒకవైపు వేడి ఇంకోవైపుకు పంపగలదు కూడా. అయితే రిఫ్రిజిరెంట్ గదుల్లోకే వస్తుంది. ఆర్-410ఏ అనే రిఫ్రిజిరెంట్ లీకైతే గదిలో ఉండదగిన పరిమితి, ఆష్రే 34 ప్రమాణం ప్రకారం, ఘనపు మీటరుకు 0.42 కిలో. 27 ఘనపు మీటర్ల చిన్న గదిలో అది 11 కిలోలే, పెద్ద వ్యవస్థలో ఉండే గ్యాస్ దాన్ని సులభంగా దాటుతుంది. దాని భూతాప ప్రభావం కూడా కార్బన్ డయాక్సైడ్‌కు 2,088 రెట్లు. 675 దగ్గరున్న ఆర్-32 మేలే గానీ కొద్దిగా మండే గుణం ఉంది.

నన్నడిగితే మనుషులు పలచగా ఉండే ఆఫీసు అంతస్తులకు డీఓఏఎస్, చిల్డ్ బీమ్‌లు. నీళ్లు 15 డిగ్రీల దగ్గర, గది డ్యూ పాయింట్ 13కు మించకుండా. కిటికీలు తెరుచుకునే భవనమైతే ప్రతి జోన్‌కూ తేమ సెన్సార్, తేమ పెరిగితే నీళ్లు ఆపే వాల్వ్. మీటింగ్ గదులకూ లెక్చర్ హాళ్లకూ మాత్రం అదే డీఓఏఎస్ నుంచి కార్బన్ డయాక్సైడ్ సెన్సార్‌తో నడిచే వీఏవీ బాక్సులు, బీమ్‌లు వద్దు. శక్తి మోడల్ తెరవకముందే ప్రతి గదికీ మూడు అంకెలు ఒక పట్టికలో రాసుకోండి: ఊపిరికి ఎంత గాలి, వేడికి ఎంత, తేమకు ఎంత. ఊపిరి, తేమ అంకెలు రెండూ వేడి అంకె కంటే బాగా తక్కువగా ఉన్న గదులే బీమ్‌లవి.