ఎక్స్‌టర్నల్ ఎడిటరా, ప్లగినా? పెళ్లి ఫొటోలకు ఏది మేలు?

ఫొటోలకు మెరుగులు దిద్దే నిక్ కలెక్షన్ లాంటి సాఫ్ట్‌వేర్‌ను రెండు దారుల్లో నడపొచ్చు. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఫొటో మీద రైట్ క్లిక్ చేసి, 'ఎడిట్ ఇన్'తో నేరుగా పంపడం, అంటే ఎక్స్‌టర్నల్ ఎడిటర్‌గా వాడడం ఒకటి. ఫొటోషాప్ ఫిల్టర్ మెనూలోంచి ప్లగిన్‌గా, అంటే ఫొటోషాప్ లోపలే నడిచే అదనపు పనిముట్టుగా పిలవడం రెండోది. హైదరాబాద్ స్టూడియోల్లో చాలామంది ఏది చేతికి అలవాటైతే అదే వాడుతుంటారు. "అమ్మాయి చీర మీద జరీ అంతా పోయిందేంటండీ?" అని పెళ్లివారు అడిగిన రోజున అసలు తేడా తెలుస్తుంది.

నేరుగా పంపితే లైట్‌రూమ్ మన మార్పులన్నీ కలిపి ఒక టిఫ్ ఫైల్ తయారుచేస్తుంది. 24 మెగాపిక్సెల్ ఫొటోకి 16 బిట్‌లో లెక్క ఇది: 2.4 కోట్ల పిక్సెళ్లు, మూడు రంగులు, రంగుకి రెండు బైట్లు, మొత్తం 144 ఎంబీ. 200 ఫొటోలు పంపితే దాదాపు 29 జీబీ. పని సగంలో ఆగిపోతే ముందు డిస్క్‌లో చోటు చూడండి. 8 బిట్ పెడితే సైజు సగమవుతుంది గానీ, మంటపం వెనక తెరలాంటి నున్నటి చోట రంగు చారలు పడొచ్చు. పైగా చాలా ఎడిటర్లలో ఒకసారి సేవ్ చేశాక స్లైడర్లు తిరిగి రావు. మోతాదు ఎక్కువైతే మళ్లీ కెమెరా ఇచ్చిన రా ఫైల్ నుంచి మొదలుపెట్టాల్సిందే.

ప్లగిన్ దారిలో ఆ ఇబ్బంది లేదు, ఒక్క మెట్టు మరవకపోతే. ముందు ఫిల్టర్ మెనూలో 'కన్వర్ట్ ఫర్ స్మార్ట్ ఫిల్టర్స్' నొక్కి, ఆ తర్వాతే ప్లగిన్ వేయాలి. లేయర్ కింద ప్లగిన్ పేరు, దానితోపాటు తెల్లటి మాస్క్ (ప్లగిన్ ప్రభావం ఎక్కడ పడాలో చెప్పే పొర) కనిపిస్తాయి. ఫంక్షన్ హాల్లో తక్కువ వెలుతురు వల్ల ఐఎస్ఓ 6400లో తీసిన ఫొటోలో నాయిస్ చుక్కకీ (గరుకు మచ్చకీ), గద్వాల చీర అంచులోని సన్నటి జరీ పోగుకీ తేడా తెలియక నాయిస్ తీసే ప్లగిన్ రెండిటినీ చెరిపేస్తుంది. మాస్క్ మీద నల్ల బ్రష్‌తో, 60 శాతం ఒపాసిటీతో, అంచు వెంట, తలంబ్రాల మీద గీయండి. పోగులూ బియ్యపు గింజలూ మళ్లీ తేలతాయి, ముఖం నున్నగానే ఉంటుంది. ఇంకా తగ్గించాలంటే ప్లగిన్ పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే సరి. లేయర్లు పోకుండా పీఎస్‌డీగానో టిఫ్‌గానో సేవ్ చేయండి.

ఇక మొరాయింపులు. నేరుగా పంపిన ఫొటో లైట్‌రూమ్‌కి తిరిగి రాలేదంటే, ఎక్కువసార్లు ఎవరో 'సేవ్ యాజ్' కొట్టి పేరు మార్చి ఉంటారు. కంట్రోల్ ఎస్ మాత్రమే కొట్టాలి. ఇప్పటికే మార్చేసి ఉంటే ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'సింక్రనైజ్ ఫోల్డర్' ఇవ్వండి. ఎడిటర్ అసలు తెరుచుకోకపోతే, అప్‌డేట్ తర్వాత దాని ఫైల్ ఉన్న చోటు మారిందేమో చూసి, లైట్‌రూమ్ ప్రిఫరెన్సెస్‌లోని ఎక్స్‌టర్నల్ ఎడిటింగ్ ట్యాబ్‌లో మళ్లీ ఎంచుకోండి. పసుపు వెలిసిపోయి కనిపిస్తే, ఆ ఎడిటర్‌కి ప్రోఫొటో అనే విశాలమైన రంగుల ప్రొఫైల్ అర్థం కావడం లేదన్నమాట; అదే ట్యాబ్‌లో మామూలు తెరలకు సరిపడే ఎస్ఆర్‌జీబీకి మార్చండి.

ప్లగిన్ల తిప్పలు వేరు. ఫొటోషాప్ కొత్త ఏడాది వెర్షన్ వేరే ఫోల్డర్‌లోకి దిగుతుంది, ప్లగిన్ పాత ఏడాది 'ప్లగ్-ఇన్స్' ఫోల్డర్‌లోనే ఉండిపోతుంది, అందుకే మెనూలో కనపడదు. ఇన్‌స్టాలర్ మళ్లీ నడపడమే శుభ్రమైన పద్ధతి. పేరు ఉన్నా మసకగా ఉంటే ఇమేజ్ మోడ్ చూడండి: ప్రింటింగ్‌కి వాడే సీఎంవైకేలోనో 32 బిట్‌లోనో చాలా ప్లగిన్లు పనిచేయవు. ఎమ్ సిరీస్ మ్యాక్‌లో ఇంటెల్ కాలపు ప్లగిన్ కావాలంటే ఫొటోషాప్‌ను రోసెట్టాలో (ఇంటెల్ కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌ను నడిపే ఆపిల్ ఏర్పాటులో) తెరవాలి. ఫొటోషాప్ తెరుస్తూనే పడిపోతుంటే, షిఫ్ట్ కీ పట్టుకుని ప్రారంభించండి. బయటి ప్లగిన్లను వదిలేయమంటారా అని అడుగుతుంది. వదిలేస్తే నిలబడిందా, దొంగ దొరికినట్టే. 2016లో గూగుల్ ఉచితంగా ఇచ్చిన నిక్ ఇంకా చాలా కంప్యూటర్లలో ఉంది. దాన్ని మరుసటి ఏడాదే డీఎక్స్‌ఓ అనే ఫొటో సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనేసింది, ఆ పాత కాపీకి మరమ్మతులు రావు. ముందు దాన్నే అనుమానించండి.

ఆల్బమ్ కవర్, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, అప్పగింతల్లాంటి పది ఇరవై ఫొటోలకు స్మార్ట్ ఫిల్టర్‌తో ప్లగినే మేలు. సమయం పట్టినా సరే. బంధువుల గ్రూప్ ఫొటోలు రెండు మూడు వందలుంటే నేరుగా పంపండి. అయితే ముందు ఒక్క ఫొటో పంపి, పట్టు చీర అంచుని 100 శాతం జూమ్‌లో చూసుకున్నాకే మిగతావి పంపండి.