తిమింగలం పంటి మీది గీతల కోసం: న్యూ బెడ్‌ఫర్డ్, నాంటకెట్

బోస్టన్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, తిమింగలాల వేటకు వెళ్ళిన నావికులు తిమింగలపు పళ్ళ మీద, ఎముకల మీద చెక్కిన బొమ్మలను (వీటినే స్క్రిమ్‌షా అంటారు) చూడటానికే మూడు రోజులు కేటాయించుకున్నాను. ఒకప్పటి తిమింగల వేట రేవైన న్యూ బెడ్‌ఫర్డ్‌లో రెండు రాత్రులు బస చేసి, మధ్యలో ఒక పగలు నాంటకెట్ ద్వీపానికి వెళ్ళి వచ్చాము.

న్యూ బెడ్‌ఫర్డ్ వేలింగ్ మ్యూజియానికి ఒక పూట చాలదు. అసలు ఓడలో సగం కొలతతో 1916లో పూర్తిచేసిన, లగోడా అనే వేట ఓడ నమూనాను ముందుగా ఎక్కి చూడటం మంచిది. ఏళ్ళ తరబడి సాగే వేటలో, తిమింగలం కనబడని రోజులను ఆ ఇరుకులో ఎలా గడిపారో అక్కడే తెలుస్తుంది. స్పెర్మ్ తిమింగలం కింది దవడ పళ్ళను గీకి, సొరచేప చర్మంతో నునుపు చేసి, తెరచాప కుట్టే సూదితోనో జేబుకత్తితోనో బొమ్మ గీసి, ఆ గీతల్లో దీపపు మసి రుద్దేవారు. ఏనుగు దంతం మీద చెక్కిన గీతల్లో నల్లని లక్క నింపిన ఒకప్పటి విశాఖపట్నం పెట్టెలు నాకు వెంటనే గుర్తొచ్చాయి. కాకపోతే విశాఖలో అది నిపుణులైన పనివారి వృత్తి, ఇక్కడ నావికుల తీరిక వేళల పని. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం ఇంటి ఆడవాళ్ళ కోసం తిమింగలపు దంతంతో, ఎముకతో చేసిన వంటింటి చక్రాల ముందు; అవి అచ్చం మనం కజ్జికాయల అంచులు కోసే చక్రాల్లాగే ఉన్నాయి.

నాంటకెట్ మ్యూజియం 1847 నాటి కొవ్వొత్తుల కర్మాగారంలో ఉంది. సుసాన్ అనే ఓడ మీద 1828–29లో ఫ్రెడరిక్ మైరిక్ అనే నావికుడు తన పేరు, తేదీ వేసి చెక్కిన పళ్ళ కోసమే అక్కడికి వెళ్ళాను. బతికున్నవాటికి చావు, చంపేవారికి దీర్ఘాయువు కోరే అతని పద్యం చదివి, అదే మ్యూజియంలో 46 అడుగుల తిమింగలం అస్థిపంజరం కింద నిలబడితే మనసు కలుక్కుమంది.

హయానిస్ రేవు నుంచి నాంటకెట్‌కు వేగంగా వెళ్ళే పడవకు గంట, మామూలు పడవకు రెండుంబావు గంటలు పడుతుంది. వేసవిలో ద్వీపంలో గదుల అద్దె చాలా ఎక్కువ, పగటి ప్రయాణమే మేలు. న్యూ బెడ్‌ఫర్డ్‌లో మేము దిగిన చోట హీటరు ఒక రాత్రి పనిచేయలేదు, కానీ మ్యూజియానికి నడిచి వెళ్ళగలిగే దూరం గనుక మళ్ళీ అక్కడే దిగుతాను. గీతలు వెంట్రుకంత సన్నన కాబట్టి భూతద్దం తప్పక తీసుకువెళ్ళండి. అసలు పంటిని కొని తెచ్చుకునే ఆలోచన మాత్రం వద్దు: అమెరికాలో సముద్ర క్షీరదాల రక్షణ చట్టం, మన వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండూ 1972 నుంచే ఉన్నాయి. జ్ఞాపికగా కావాలంటే రెసిన్‌తో పోతపోసిన నకళ్ళు దొరుకుతాయి.