'ఇన్సూరెన్స్ కలిపే సార్' అన్న మాట నమ్మి నీళ్లలో దిగకండి

అండమాన్ ప్యాకేజీ కొంటున్నవాళ్లు, రుషికొండలో వీకెండ్ స్కూబా డైవ్ బుక్ చేస్తున్నవాళ్లు, స్కూబా నేర్పే ఓపెన్ వాటర్ కోర్సుకి అడ్వాన్స్ కట్టబోతున్నవాళ్లు డబ్బు పంపే ముందు ఇది చదవండి. రసీదు మీద 'ఇన్సూరెన్స్ సహా' అని ఉంటుంది. ఫోన్ చేస్తే 'అన్నీ కలిపే సార్, టెన్షన్ వద్దు' అంటారు. ఆ ఇన్సూరెన్స్ చాలాచోట్ల మీది కాదు, వాళ్లది.

అది లయబిలిటీ పాలసీ. రేపు మీరు డైవ్ సెంటర్ మీద కేసు వేస్తే వాళ్లను కాపాడుకోవడానికి తీసుకున్నది. డైవింగ్ జబ్బుకి ఒత్తిడి పెట్టి చికిత్స చేసే ఛాంబర్‌కి, స్పీడ్ బోటుకి, ఆస్పత్రి గదికి అందులోంచి మీకు రూపాయి రాలదు. డైవ్‌కి ముందు హడావుడిగా సంతకం పెట్టించుకునే కాగితంలోనేమో 'ఏం జరిగినా మా బాధ్యత లేదు' అన్న అర్థం వచ్చే మాటే ఉంటుంది. తేల్చుకోవడం తేలికే. పాలసీ మొదటి పేజీ వాట్సాప్ చేయమనండి. 'ఇన్‌ష్యూర్డ్' అన్న చోట మీ పేరుందా, సెంటర్ పేరుందా చూడండి. మీ పేరు లేకపోతే అది మీ పాలసీ కాదు. పేజీ పంపడానికి సాకులు చెబితే పాలసీయే లేదని లెక్క వేసుకోండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, డైవింగ్ వల్ల వచ్చే జబ్బుకి మందు మాత్రల్లో లేదు. లోతులో ఉన్నంతసేపూ పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతూ ఉంటుంది. పైకి వచ్చేటప్పుడు అది నెమ్మదిగా బయటికి పోవాలి. పోకపోతే కండరాల్లో, కీళ్ల చుట్టూ, వెన్నుపాములో బుడగలు కడుతుంది. ఇదే డికంప్రెషన్ సిక్‌నెస్, డైవర్ల నోట బెండ్స్. భుజం, మోచేయి సలపడం, చర్మం మీద ఊదారంగు మచ్చలు, తిమ్మిర్లు, విపరీతమైన నీరసం, ముదిరితే కాళ్లు పట్టు తప్పడం, మూత్రం రాకపోవడం. సుమారు సగం మందికి డైవ్ ముగిసిన గంటలోపే మొదలవుతుంది, దాదాపు అందరికీ 24 గంటల్లో బయటపడుతుంది.

చికిత్స రీకంప్రెషన్ ఛాంబర్‌లోనే. ప్రపంచమంతా ఎక్కువగా వాడేది అమెరికా నేవీ టేబుల్ 6, అంటే ఎంత ఒత్తిడి ఎంతసేపు పెట్టాలో చెప్పే పట్టిక. 18 మీటర్ల లోతుకు సమానంగా 2.8 ఏటీఏ (సముద్రమట్టం దగ్గరి గాలి ఒత్తిడికి 2.8 రెట్లు) ఒత్తిడి పెట్టి 20 నిమిషాలు నూరు శాతం ఆక్సిజన్, 5 నిమిషాలు మామూలు గాలి, మళ్లీ ఆక్సిజన్. తర్వాత 9 మీటర్ల ఒత్తిడికి తగ్గించి ఆక్సిజన్, గాలి ఇలాగే వంతులవారీగా, ఈసారి ఇంకా ఎక్కువసేపు. మొత్తం 4 గంటల 45 నిమిషాలు. ఒత్తిడికి బుడగ సుమారు మూడో వంతుకు కుంచించుకుపోతుంది, ఆక్సిజన్ దానిలోని నైట్రోజన్‌ను లాగేస్తుంది. తగ్గకపోతే అదే టేబుల్‌ను పొడిగిస్తారు, మర్నాడు మళ్లీ లోపల కూర్చోబెడతారు. బిల్లు పెరిగేది ఇక్కడే.

ఇక రెండో బురిడీ: 'ఛాంబర్ దగ్గర్లోనే ఉంది.' ఏ ఛాంబర్? హైదరాబాద్‌లో వెల్‌నెస్ సెంటర్లు అమ్మే జిప్పు సంచి లాంటి ఛాంబర్లు సాధారణంగా 1.3 ఏటీఏ దాటవు. అంటే 3 మీటర్ల నీళ్లు, ఈతకొలను అడుగు. బెండ్స్‌కి అది చికిత్స కాదు, కాలయాపన. ఆస్పత్రుల్లో మానని పుండ్లకు వాడే గాజు గొట్టం లాంటి ఛాంబర్‌లో ఒక్కరే పడుకుంటారు. వాటిలో కొన్నింటికి మధ్యలో గాలి ఇచ్చే ఏర్పాటు ఉండదు, చాలావాటికి రాత్రిపూట ఆపరేటర్ ఉండడు, డైవర్ అనగానే తీసుకోనివాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఉన్న మనవాళ్లకూ ఇదే మాట. అక్కడ ఇలాంటి ఛాంబర్లున్న హైపర్‌బారిక్ సెంటర్లు వందల్లో ఉన్నా అర్ధరాత్రి డైవర్‌ను చేర్చుకునేవి చాలా తక్కువ. కాబట్టి ఛాంబర్ ఉందా అని కాదు అడగాల్సింది. 2.8 ఏటీఏ వరకు వెళ్తుందా, లోపల రోగితో పాటు మనిషి కూర్చుంటాడా, రాత్రి పదింటికి ఫోన్ ఎత్తేదెవరు, డైవర్లను తీసుకుంటారా, ముందు ఎంత కట్టాలి. ఈ ఐదింటికీ జవాబు చెప్పగలిగిన డైవ్ సెంటర్‌ను నమ్మవచ్చు. చెప్పలేనివాళ్లు అత్యవసర ప్రణాళిక గోడకు అంటించుకున్నారే తప్ప చదవలేదు.

అండమాన్‌లో డైవర్ల కేసులకు ఆధారం నౌకాదళ ఆస్పత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరి. అది ఉన్నది పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 నుంచి శ్రీ విజయపురంలో. మీరు డైవ్ చేసేది హావ్‌లాక్‌లో, ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో. మధ్యలో సముద్రం, ఫెర్రీలో గంటన్నర నుంచి రెండున్నర గంటలు. సాయంత్రం ఫెర్రీలు ఆగిపోతాయి. గాలి ఎక్కువైతే పగలూ ఆగుతాయి. మధ్యాహ్నం డైవ్ ముగించి రాత్రి ఎనిమిదింటికి కాలు తిమ్మిరెక్కితే ఏ పడవ, ఎవరి పడవ, నడిపేదెవరు, డబ్బెవరిది అన్నది ముందే తేలి ఉండాలి. పైగా అది సైనిక ఆస్పత్రి. ముందుగా ఫోన్‌లో డాక్టరు డాక్టరుతో మాట్లాడి పంపాలి తప్ప నేరుగా గేటు దగ్గర ఆటో దిగితే పని జరగదు. గుర్తింపు కార్డు వెంట ఉండాలి.

ఆ దారి పొడవునా ప్రాణాధారం ఆక్సిజన్. అందరూ 'మా బోటులో సిలిండర్ ఉంది' అంటారు. ఏ సైజు అని అడగండి. కోవిడ్ రోజుల్లో మనందరికీ పరిచయమైన బి టైప్ సిలిండర్‌లో నిండా ఉంటే 1,500 లీటర్లు ఉంటుంది. బెండ్స్‌కి నాన్ రీబ్రీదర్ మాస్కుతో, అంటే కింద సంచి ఉండే మాస్కుతో, నిమిషానికి 15 లీటర్లు ఇవ్వాలి. అంటే సరిగ్గా 100 నిమిషాలు. రెండున్నర గంటల ఫెర్రీ ప్రయాణానికే చాలదు, జెట్టీలో ఎదురుచూపు సంగతి సరే సరి. బోటులో ఉండేది తరచూ ఇంతకంటే చిన్నదే, 400 లీటర్లదైతే అరగంట కూడా రాదు. మీటరు ముల్లు ఎక్కడుందో, మాస్కుకి సంచి ఉందో లేదో డైవ్‌కి ముందే కళ్లారా చూడండి. ముక్కులో పెట్టే సన్న గొట్టంతో 2 లీటర్లు ఇస్తే ఇచ్చామన్న తృప్తే మిగులుతుంది.

చిన్న ఆస్పత్రుల్లో జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. వేలికి క్లిప్పు పెట్టి 'సాచురేషన్ 98 ఉంది, ఆక్సిజన్ అక్కర్లేదు' అని మాస్కు తీసేస్తారు. అక్కడ ఆక్సిజన్ ఇచ్చేది సాచురేషన్ కోసం కాదు, నైట్రోజన్‌ను కడిగేయడానికి. ఆ మాట మర్యాదగానే, కానీ గట్టిగా చెప్పండి. భుజం నొప్పిని కండరం పట్టేసిందని, తిమ్మిరిని మెడ అరుగుదల అని రాసి ఇంజెక్షన్ ఇచ్చి పంపేయడమూ మామూలే. 'గత 24 గంటల్లో స్కూబా డైవ్ చేశాను, ఇన్ని మీటర్లు, ఇన్ని నిమిషాలు' అన్నది మీరు చెప్పే మొదటి వాక్యం కావాలి. వెల్లకిలా పడుకోబెట్టండి, స్పృహలో ఉంటే మంచినీళ్లు తాగించండి. 'మళ్లీ నీళ్లలోకి దిగితే సర్దుకుంటుంది' అనే సీనియర్ ఎవరైనా ఉంటే ఆయన్ను దూరంగా కూర్చోబెట్టండి.

ఒక్కసారి సరదాకు దిగే ట్రై డైవ్ వాళ్లు 12 మీటర్లు దాటరు కాబట్టి బెండ్స్ ముప్పు తక్కువే. కానీ భయపడి ఊపిరి బిగబట్టి పైకి తన్నుకొస్తే మీటరున్నర లోతు నుంచైనా ఊపిరితిత్తి చిట్లి గాలి బుడగ మెదడుకెక్కవచ్చు. ఇది నిమిషాల్లో పడగొడుతుంది, దీనికీ ఛాంబరే దిక్కు.

ఇప్పుడు మీ సొంత పాలసీ తీయండి. మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీల్లో ఒకే మాటల్లో ఉండే మినహాయింపు ఉంది, కోడ్ ఎక్స్‌క్ల్ 09 (Excl09). ప్రమాదకర, సాహస క్రీడల్లో 'ప్రొఫెషనల్‌గా' పాల్గొన్నందువల్ల అవసరమైన చికిత్సకు డబ్బివ్వం అని అందులో ఉంటుంది. స్కూబా డైవింగ్ పేరూ ఉంటుంది. స్కూబా అన్న పదం చూడగానే క్లెయిమ్ తిరగ్గొట్టేవాళ్లు ఆ 'ప్రొఫెషనల్‌గా' అన్న మాటను మింగేస్తారు. సెలవుకెళ్లి ఫీజు కట్టి దిగినవాడు ప్రొఫెషనల్ కాదు. తిరస్కరణ లేఖలో ఏ కోడ్ కింద కాదన్నారో రాతపూర్వకంగా అడగండి. జీతం తీసుకునే డైవ్ మాస్టర్‌కి, ఇన్‌స్ట్రక్టర్‌కి మాత్రం ఈ వాదన నిలవదు.

సంబరపడకండి, ఇంకా రెండు గోతులున్నాయి. కొన్ని పాలసీల్లో 'హైపర్‌బారిక్ ఆక్సిజన్ థెరపీ', అంటే ఈ ఛాంబర్ చికిత్సే, మినహాయింపుల చిట్టాలో విడిగా ఉంటుంది. ఆ చిట్టాలో చెలేషన్ థెరపీ (ఒంట్లోని లోహాలను తీసేసే చికిత్స) లాంటివాటి మధ్య ఇరుక్కుని కనిపిస్తుంది, వెతికి చూడండి. రెండోది 24 గంటల అడ్మిషన్ నిబంధన. ఐదు గంటల్లో ఛాంబర్ నుంచి బయటికొచ్చి హోటల్‌కి వెళ్లిపోతే, డే కేర్ (ఒక్కరోజులోపే ముగిసే చికిత్సల) జాబితాలో లేని చికిత్స అంటూ క్లెయిమ్ ఆపేయవచ్చు. డాక్టరు పరిశీలనకు ఉండమంటే ఉండండి, బెడ్డు కోసం బేరాలాడకండి. ప్రమాద బీమా, ట్రావెల్ పాలసీల్లో ఆ 'ప్రొఫెషనల్' అన్న వెసులుబాటు కూడా లేకుండా సాహస క్రీడలన్నిటినీ తీసేసి ఉండవచ్చు. విదేశీ ట్రావెల్ పాలసీ అండమాన్‌లో అసలు పనిచేయదు, అది మన దేశమే కదా. స్కూబా కవర్ ఉన్న ట్రావెల్ పాలసీలోనూ లోతు పరిమితి చూడండి. చాలావాటిలో 30 మీటర్లే. 32కి వెళ్లినట్టు డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం నమోదు చేసే పరికరం) చెబితే కథ ముగిసినట్టే.

డైవర్లకు విడిగా డైవ్ యాక్సిడెంట్ ప్లాన్లు ఉన్నాయి. 1980లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో మొదలైన డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, అంటే డాన్, వీటిలో పాతది. ఇక్కడా కొనేవాళ్లు తడబడే చోటుంది. డాన్ సభ్యత్వం వేరు, డాన్ డైవ్ యాక్సిడెంట్ ఇన్సూరెన్స్ వేరు. సభ్యత్వంతో తరలింపు సాయం అందవచ్చు, కానీ ఛాంబర్ బిల్లు కట్టేది విడిగా కొన్న ప్లానే. కార్డు జేబులో ఉంది కదా అని ధీమాగా ఉంటారు, బిల్లు వచ్చాక తెలుస్తుంది. మీరు ఉండే దేశానికి ఏ ప్లాన్ వర్తిస్తుందో చూసుకుని కొనండి. వాళ్ల అత్యవసర నంబరు +1-919-684-9111 కు సభ్యులు కానివాళ్లు కూడా ఫోన్ చేసి వైద్య సలహా అడగవచ్చు. దాన్ని డైవ్‌కి ముందే ఫోన్‌లో ఎక్కించుకోండి, ద్వీపంలో సిగ్నల్ ఉన్నా నెట్ దొరకాలని లేదు.

ఏ ప్లాన్ అయినా తరలింపు విషయంలో పట్టుబట్టేది ఒకటే: ముందు మాకు ఫోన్ చేయండి. కంగారులో సొంతంగా ఎయిర్ అంబులెన్స్ మాట్లాడుకుని లక్షలు కట్టి తర్వాత బిల్లు పంపితే 'మా అనుమతి లేదు' అని తిప్పి పంపుతారు. ఎత్తుకు వెళ్తే ఒత్తిడి తగ్గి బుడగలు పెరుగుతాయి కాబట్టి ఆ విమానంలో క్యాబిన్ ఒత్తిడి నేలమట్టానికి దగ్గరగా, 300 మీటర్ల ఎత్తుకు మించకుండా ఉంచాలన్న సంగతి గుండె రోగులను మోసే కంపెనీలకు తట్టకపోవచ్చు. మీరే చెప్పాలి.

ప్యాకేజీ టైమ్‌టేబుల్ కూడా చదవండి. ఒక్క డైవ్ తర్వాత విమానానికి కనీసం 12 గంటలు, రెండు మూడు డైవ్‌లు చేస్తే 18 గంటలు ఆగాలి. ఉదయం డైవ్, సాయంత్రం ఫ్లైట్ అని వేసిన ప్యాకేజీని అక్కడే తిరస్కరించండి. విశాఖ వాళ్లకో మాట: ఈ లెక్క 600 మీటర్లు దాటిన కొండలకూ వర్తిస్తుంది. అరకు 900 మీటర్ల పైనే ఉంది. పొద్దున్న రుషికొండలో డైవ్, మధ్యాహ్నం అరకులో బొంగు చికెన్ అన్న ప్లాన్‌లో క్రమం తిరగేయండి, ముందు అరకు వెళ్లొచ్చి ఆ తర్వాత నీళ్లలో దిగండి.

మెడికల్ ఫారం దగ్గర 'అన్నిటికీ నో పెట్టేయండి' అనే సలహా వస్తుంది. ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ దాచి 'నో' పెడితే మొదటి నష్టం ఒంటికి, రెండోది క్లెయిమ్‌కి. నిజం దాచారన్న కాగితం మీ సంతకంతోనే వాళ్ల చేతిలో ఉంటుంది.

జరగరానిది జరిగితే డైవ్ కంప్యూటర్ ఎవరికీ తిరిగి ఇవ్వకండి. అద్దెదైతే లాగ్ స్క్రీన్లన్నీ ఫోటో తీసుకోండి, మర్నాడు వేరే టూరిస్టు చేతికెళ్తే కొత్త డైవ్‌లు ఎక్కుతాయి, మీ రికార్డు వెతుక్కోవడం కష్టమవుతుంది. సర్టిఫికేషన్ కార్డు, సెంటర్ రాసిచ్చిన సంఘటన నివేదిక, ఆక్సిజన్ ఎన్నింటికి మొదలైందో రాసిన చీటీ దాచండి. డిశ్చార్జ్ సమ్మరీలో 'హెచ్‌బీఓటీ (హైపర్‌బారిక్ ఆక్సిజన్ థెరపీ) ఇచ్చాం' అని మాత్రమే ఉంటే సరిపోదు. డికంప్రెషన్ సిక్‌నెస్ అన్న రోగనిర్ధారణ, జబ్బుల అంతర్జాతీయ జాబితా ఐసీడీ 10లోని కోడ్ టి70.3 (T70.3), వాడిన టేబుల్ పేరు రాయించుకోండి. తిరస్కరిస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా తగాదాలు తేల్చే అధికారికి, ఫిర్యాదు చేయవచ్చు. తెలుగు రాష్ట్రాలకు ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఫిర్యాదుతో పాటు పాలసీలోని ఎక్స్‌క్ల్ 09 పేజీ జతచేసి, 'ప్రొఫెషనల్‌గా' అన్న మాట కింద గీత గీసి పంపండి.