కరెంటు పోయినా వదలని ఫైర్ డోర్ అయస్కాంతాలు: కొనేవాళ్లు జాగ్రత్త

మా భవనంలో మెట్ల దగ్గర, నడవాల్లో ఉన్న ఫైర్ డోర్లు, అంటే మంటను, పొగను ఆపే తలుపులు, పగలంతా తెరిచి ఉండాలని గోడకు అయస్కాంతాలు పెట్టించాం. అమ్మిన సంస్థ పేరు రాయడం లేదు. వాళ్ల పద్ధతి తెలిస్తే చాలు, అదే పని ఎవరు చేసినా మీరు పట్టుకోగలరు.

అమ్మడానికి వచ్చిన మనిషి గర్వంగా చెప్పిన మాట ఇది: "కరెంటు పోయినా మా తలుపులు కదలవండీ." నేనూ బుద్ధిగా తలూపాను. నిజానికి ఆ మాట వినగానే అతన్ని సాగనంపాల్సింది.

ఈ విద్యుదయస్కాంతానికి సాధారణంగా 24 వోల్టుల కరెంటు నిరంతరం అందుతూ ఉంటుంది. అది ఆగిన క్షణాన పట్టు వదలాలి, పైనున్న డోర్ క్లోజర్ తలుపును లాగి మూయాలి. అలారం మోగినా, తీగ తెగినా, సరఫరా ఆగిపోయినా జరగాల్సింది అదే. మాకు వీళ్లు తీగను నేరుగా ఇన్వర్టర్‌కు కలిపి వెళ్లిపోయారు. అలారం ప్యానెల్ నుంచి అయస్కాంతాలకు ఒక్క తీగ కూడా లేదు. అంటే నిప్పంటుకున్నా వాటికి ఆ సంగతి చెప్పే నాథుడే లేడు.

అలారం పరీక్షించిన రోజున ఇది బయటపడింది. సైరన్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది, ఏడు తలుపుల్లో ఒక్కటీ కదలలేదు. అగ్నిప్రమాదాల్లో ఎక్కువ ప్రాణాలు తీసేది పొగ, అది మంట కన్నా ముందే మెట్లలోకి చేరుతుంది. మంటను 60 నిమిషాలు ఆపగలదని ధ్రువపత్రం ఉన్న తలుపైనా, బార్లా తెరిచి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆపదు.

ఫోను చేస్తే వచ్చిన జవాబు: "అలారంతో కలపాలని మీరు చెప్పలేదు కదా." చెప్పలేదు, నిజమే. గొడుగు కొనేటప్పుడు వానలో తడవకూడదని కూడా ఎవరూ చెప్పరు.

వేరే పనివాణ్ని పిలిపించి రిలే (సంకేతం అందగానే కరెంటును ఆపే స్విచ్చు) ద్వారా అలారం ప్యానెల్‌కు కలిపించాం. అప్పటికీ పూర్తి కాలేదు. కరెంటు ఆగినా రెండు తలుపులు అయస్కాంతానికి అంటుకునే ఉన్నాయి. అయస్కాంతం పట్టుకునేందుకు తలుపుకు బిగించిన ఇనుప పళ్లెంలో కాస్త అయస్కాంతత్వం మిగిలిపోతుందట. దాన్ని విడదీయడానికి మంచి రకాల్లో చిన్న స్ప్రింగ్ పిన్ను ఉంటుంది, మావాటిలో లేదు. జంట రెక్కల తలుపుది ఇంకో కథ. ముందు మూసుకోవలసిన రెక్క వెనకబడి, రెండో రెక్క మీద ఆనుకుని, అరచేయి పట్టేంత సందు మిగిలింది. రెక్కలు వరుసగా మూసుకునేలా చేసే పరికరం విడిగా ఉంటుందని మాకు ఆ రోజే తెలిసింది.

కొనే ముందు పరికరం మీద ఈఎన్ 1155 అని ఉందా చూడండి. తలుపును తెరిచి పట్టి ఉంచే విద్యుత్ పరికరాలకు అది ఐరోపా ప్రమాణం. తలుపును విడిపించే డిటెక్టర్ పొగను గుర్తించేదై ఉండాలి. వేడిని మాత్రమే గుర్తించేది అంటగడితే ఒప్పుకోకండి, అది స్పందించేసరికి పొగ ఎప్పుడో దాటిపోతుంది. చేత్తో లాగినా తలుపు విడిపోవాలి. మూసుకున్నాక గడియ పడాలి, కానీ ఎవరైనా తోసుకుని బయటికి వెళ్లగలగాలి. తాళం వేసే అయస్కాంతం వేరు, ఇది వేరు. రెండింటినీ కలగలిపి అమ్మేవాళ్లున్నారు.

అన్నిటికన్నా ముఖ్యం, అమ్మినవాణ్ని పక్కన నిలబెట్టుకుని అలారం మోగించండి. తరువాత అయస్కాంతాలకు వెళ్లే సరఫరా తీసేయండి. రెండు సార్లూ ప్రతి తలుపూ గడియ దాకా మూసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి. అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 80 ఫైర్ డోర్లను ఏడాదికోసారి తనిఖీ చేయాలంటుంది. మేమైతే నెలకోసారి మోగిస్తున్నాం, భయం అలాంటిది.

మా డబ్బు మొత్తం ముందే కట్టేశాం. తిరిగి ఇస్తామని మూడుసార్లు అన్నారు, ఇంతవరకు రాలేదు. ఇన్వర్టర్ తీగ మాత్రం అలారం పరీక్షించిన రోజు సాయంత్రమే మేమే పీకించాం.