మైపాడు ఇసుకలో ఆడిన పారాగ్లైడర్‌కు తనిఖీ: ఒక సేవా కేంద్రంపై నా అభిప్రాయం

నెల్లూరులో ఉంటూ పారాగ్లైడింగ్, అంటే తాళ్ళకు వేలాడుతూ గుడ్డ రెక్కతో ఎగరడం, చేసేవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మాకు గ్లైడర్‌ను తనిఖీ చేయించుకునే చోటు దగ్గరలో లేదు. అందువల్ల గత జూలైలో నా గ్లైడర్‌ను, ఆపదలో తెరిచే రిజర్వు పారాచూట్‌ను పశ్చిమ కనుమల్లోని ఒక తనిఖీ కేంద్రానికి పార్సిలు చేసి, మూడు వారాలకు పైగా ఎదురుచూసి తిరిగి తెప్పించుకున్నాను. పది రోజులన్న గడువు ఇరవైమూడు రోజులయింది. మెచ్చుకోవలసిన పనితో పాటు చెప్పక తప్పని లోపాలు కూడా ఉన్నందున ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు. ఏ కేంద్రానికి పంపేవారికైనా ఈ అనుభవం పనికివస్తుందన్న నమ్మకంతో రాస్తున్నాను.

నా గ్లైడర్ ఈఎన్-బి తరగతికి, అంటే యూరోపియన్ భద్రతా పరీక్షల్లో ఎ నుంచి డి దాకా ఉన్న తరగతుల్లో రెండోదానికి, చెందినది. అప్పటికే 60 గంటలు ఎగిరినదాన్ని ఒక మిత్రుడి దగ్గర కొన్నాను. పుణె దగ్గరి కామ్‌షెట్‌లో శిక్షణ పొందిన నాకు, అక్టోబరు నుంచి మే దాకా సాగే అక్కడి సీజనులో రెండుసార్లు వెళ్ళి ఎగరడం వీలవుతుంది. మిగిలిన కాలమంతా మైపాడు తీరంలో, సరుగుడు తోపులకు ఎడంగా, గ్రౌండ్ హ్యాండ్లింగ్‌తో సరిపెట్టుకుంటాను. అంటే నేల విడవకుండా గ్లైడర్‌ను తలపైన నిలిపి ఉంచే సాధన అన్నమాట. ఇక్కడే ఎందుకు ఎగరరని అడిగేవారికి నేను రెండు కారణాలు చెబుతాను. మైపాడు తీరం బల్లపరుపు నేల, గాలికి ఎదురుగా పరుగెత్తి లేవడానికి తగిన కొండ గాని ఎత్తైన గట్టు గాని అక్కడ లేదు. పైగా దక్షిణాన శ్రీహరికోట రాకెట్ కేంద్రం ఉండటంతో ఆ ప్రాంతపు గగనతలం మీద ఆంక్షలున్నాయి గనుక, అనుమతుల సంగతి తేల్చుకోకుండా ఇక్కడ కాళ్ళు నేల విడిచే పని ఎవరూ చేయరాదు. తీరం వెనుక రొయ్యల గుంటల ఏరేటర్లకు పోయే కరెంటు తీగలను చూసినవారికి మూడో కారణం చెప్పనక్కరలేదు.

గత మార్చి నుంచి గ్లైడర్ లేవడంలో ఒక మందకొడితనం కనిపించసాగింది. ‘ఎ’ రైజర్లు, అంటే ముందు వరుస తాళ్ళు కలిసే పట్టీలు, పట్టి లేపితే పూర్వం ఒక్క ఊపున తలపైకి వచ్చే రెక్క, ఇప్పుడు ముప్పాతిక ఎత్తుకు వచ్చి అక్కడే వెనక్కి వేలాడేది. రెండడుగులు వెనక్కి నడిచి లాగితే తప్ప పైకి రాదు. సముద్రపు గాలి ఇంకా నిలదొక్కుకోలేదనీ, రెక్క కొసల్లో ఇసుక చేరి బరువెక్కిందనీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇసుక దులిపాను, గాలి బలపడే సాయంత్రం నాలుగు గంటల దాకా ఆగి చూశాను, తేడా స్వల్పమే. తీరా తనిఖీ పత్రం చేతికి వచ్చాక, నాలుగు నెలలు నేను గాలి మీద వేసిన నింద తాళ్ళ మీద వేయవలసినదని తెలిసింది.

ముందుగా గుడ్డ సంగతి. కేంద్రం వారు పోరోసిటీ మీటరుతో పై గుడ్డను ఆరు చోట్ల, కింది గుడ్డను రెండు చోట్ల పరీక్షించారు. ఈ పరికరం గుడ్డను రెండు పలకల మధ్య బిగించి, ఒక నిర్ణీత పరిమాణంలో గాలి గుడ్డ గుండా దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూపుతుంది. ఎక్కువ సెకన్లు పడితే గుడ్డ మీది పూత నిలిచి ఉన్నట్టు, తక్కువ పడితే ఎండకూ రాపిడికీ పూత అరిగిపోయినట్టు లెక్క. నా గ్లైడర్‌కు వెనుక భాగంలో 150 సెకన్లకు పైగా వచ్చినా, ఎండ నేరుగా పడే ముందు అంచు దగ్గర 70 సెకన్లు మాత్రమే వచ్చింది. ఇది ప్రమాదపు హద్దుకు చాలా దూరమే అయినా, ఒకే గుడ్డలో ఇంత తేడా రావడానికి కారణం నా అలవాటేనని ఒప్పుకోవాలి. సాధన మధ్యలో టీ తాగడానికి కూర్చున్నప్పుడల్లా రెక్కను ఎండలో పరిచి వదిలేసేవాణ్ణి. తరువాత సూదిని గుడ్డలో గుచ్చి స్ప్రింగు త్రాసుతో 600 గ్రాముల దాకా లాగే చిరుగు పరీక్ష చేశారు, గుడ్డ చిరగలేదు.

అసలు విలువైన పని తాళ్ళ కొలత దగ్గర జరిగింది. ప్రతి తాడునూ 5 కిలోల లాగుడు మీద లేజరు మీటరుతో కొలిచి, తయారీదారు ఇచ్చిన పొడవుల పట్టికతో పోల్చి, ఎడమ కుడి వరుసలను పక్కపక్కనే అచ్చువేసి పంపారు. అందులో ‘ఎ’ వరుస తాళ్ళు దాదాపు పాత పొడవులోనే ఉన్నాయి, ఒకటి రెండు చోట్ల నాలుగైదు మిల్లీమీటర్లు సాగాయి. వెనుక ఉండే ‘సి’ వరుస తాళ్ళు మాత్రం సగటున 17 మిల్లీమీటర్లు పొట్టివయ్యాయి. మనిషి బరువులో ఎక్కువ భాగం ముందు వరుసల మీద పడుతుంది కనుక అవి బిగువుగా నిలుస్తాయి. తక్కువ బరువు మోసే వెనుక వరుసల్లోని డైనీమా అనే కృత్రిమ నూలు తాళ్ళు తడిసి ఆరే కొద్దీ ముడుచుకుంటాయి. తడి ఇసుక మీద పడి లేచే సాధనలో తాళ్ళకు తడికీ పొడికీ కొదవ ఉండదు గాని, వాటిని తిరిగి సాగదీసే బరువు ఉండదు. వెనుక తాళ్ళు పొట్టివైతే రెక్క వెనుక అంచు కిందికి లాగబడి, బ్రేకులు (వెనుక అంచును లాగే చేతి పిడులు) వదిలినా ఎవరో కొద్దిగా బ్రేకు పట్టి ఉంచినట్టే ఉంటుంది. గ్లైడర్ మెల్లగా లేస్తుంది, మెల్లగా ఎగురుతుంది, రెక్క గాలి పట్టు కోల్పోయే స్టాల్ హద్దుకు దగ్గరగా జరుగుతుంది.

నేల మీద ఇది చిరాకు మాత్రమే. ఆకాశంలో ఇదే లోపం డీప్ స్టాల్‌కు దారి తీయవచ్చు. అందులో రెక్క తలపైన చక్కగా తెరుచుకున్నట్టే కనిపిస్తుంది, కాని ముందుకు పోవడం మానేసి నిలువుగా దిగుతుంది; ముఖానికి తగిలే గాలి తగ్గిపోవడం ఒక్కటే పైలట్‌కు అందే మొదటి కబురు. అప్పుడు చేతులు పూర్తిగా పైకి వదిలి, అప్పటికీ వేగం రాకపోతే వేగం పెంచే కాలి కడ్డీ అయిన స్పీడ్ బార్ తొక్కడమో ‘ఎ’ రైజర్లను ముందుకు నెట్టడమో చేయాలి. కంగారులో బ్రేకులు లాగితే పరిస్థితి పూర్తి స్టాల్‌గా మారుతుంది. ‘ఇది ఈఎన్-బి, భయం లేదు’ అని ధైర్యం చెప్పుకునేవారిలో నేనూ ఒకణ్ణి. ఆ అక్షరం ఫ్యాక్టరీ కొలతలున్న గ్లైడర్‌ను ఎగరేసి పరీక్షించి ఇచ్చినదనీ, తాళ్ళు 17 మిల్లీమీటర్లు తేడా వచ్చిన నా గ్లైడర్‌కు అది వర్తిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదనీ ఆ పట్టిక చూసేదాకా తట్టలేదు.

కేంద్రం వారు ‘సి’ వరుసలో మాయాన్ల (తాళ్ళను రైజర్లకు కలిపే లోహపు లంకెల) దగ్గర ఉన్న చుట్లు విప్పి పొడవు పెంచారు. రెండు తాళ్ళకు ఆ వీలు లేక కొత్తవి వేశారు. ‘ఎ’ వరుసలో నడిమి తాడు ఒకదాన్ని తెగేదాకా లాగి, ఎంత బరువుకు తెగిందో రాసి, దాని చోట కొత్తది అమర్చారు. సవరణ తరువాతి కొలతలు కూడా మరో నిలువు వరుసలో ఇచ్చారు. నా దృష్టిలో ఈ సేవకు కట్టిన రుసుము ఆ ఒక్క పత్రానికే గిట్టింది. కొలతలు లేకుండా ‘బాగుంది, ఎగరవచ్చు’ అని ముద్ర వేసి పంపే చోటికి ఎంత చవకైనా గ్లైడర్ పంపవద్దని నా సలహా.

ఇక లోపాలు. పంపేటప్పుడు నింపిన ఫారంలో ఎన్ని గంటలు ఎగిరారని అడిగారు గాని, నేల మీద ఎన్ని గంటలు ఆడించారన్న ప్రశ్న లేదు. సాధనలో రెక్క ఇసుకకు రాసుకుంటుంది, ముందు అంచు నేలకు కొట్టుకుంటుంది, గంటకు గంట లెక్కన ఎగరడం కంటే అరుగుదల ఎక్కువే. నాలాంటివాడు ఫారంలో 85 గంటలని రాస్తే అది సగం నిజమే. రెండో లోపం మరీ చిన్నబుచ్చుకోదగినది. గ్లైడర్‌ను నేను అరలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, ముందు అంచులోని ప్లాస్టిక్ పుల్లలు వంగకుండా మడిచి పంపితే, వారు దాన్ని మూటలా కుక్కి చిన్న అట్టపెట్టెలో తిరిగి పంపారు. పుల్లలు రెండు మూడు చోట్ల వంగి వచ్చాయి. హాల్లో రెండు రోజులు వదులుగా పరిచి ఉంచాక తేరుకున్నాయి. అంత జాగ్రత్తగా కొలిచిన చేతులే మడత దగ్గర ఇంత తొందరపడటం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

రిజర్వు పారాచూట్‌ను విప్పి, ఆరబెట్టి, తిరిగి మడిచి, తేదీ రాసిన చీటీ పెట్టారు, అంతవరకు బాగుంది. కాని అది నేను కూర్చునే పట్టీల ఆసనమైన హార్నెస్‌లోంచి సరిగా బయటికి వస్తుందో లేదో వారు చూడలేదు, హార్నెస్ కూడా పంపమని ముందుగా చెప్పలేదు. ఆ పరీక్ష నేనే చేసుకున్నాను. మా ఇంటి దూలానికి ఉయ్యాల కోసం వేసిన కొక్కేలకు హార్నెస్ తగిలించి, అందులో కూర్చుని, కళ్ళు మూసుకుని పిడి వెతికి లాగాను. పక్కకు లాగితే రాలేదు. పైకీ బయటికీ కలిపి లాగినప్పుడే పిన్నులు ఊడి సంచి చేతికి వచ్చింది. ఏ దిక్కుకు లాగాలో చేతికి తెలియడం కోసమైనా ప్రతివారూ ఈ పని ఒకసారి చేయాలి. చేశాక రిజర్వును మళ్ళీ మడిపించుకోవలసి వస్తుంది కనుక, హార్నెస్‌ను కూడా కలిపి పంపి, ఈ పరీక్షను అక్కడే చేయించడం మేలు. ఈశాన్య రుతుపవనాల్లో బీరువాలోని బట్టలకే బూజు పట్టే మన జిల్లాలో రిజర్వును ఏడాది దాకా కాక ఆరు నెలలకే ఆరబెట్టి మడిపించాలని నిర్ణయించుకున్నాను.

పత్రం చివర వారు రాసిన రెండు వాక్యాల సలహా నా పద్ధతి మార్చింది. తాళ్ళలో ఉప్పు పలుకులు కనిపించాయనీ, తీరంలో ఆడించిన తరువాత మంచినీళ్ళతో కడగాలనీ అందులో ఉంది. ఇప్పుడు తాళ్ళనూ రైజర్లనూ ప్రతిసారీ సబ్బు లేని మంచినీటిలో ముంచి తీస్తున్నాను. రెక్క అలల్లో తడిస్తే తప్ప మొత్తం కడగను, ఎందుకంటే అనవసరంగా తడపడం, రుద్దడం గుడ్డకు మంచివి కావు. ఆరబెట్టడం నీడలోనే. మడిచే ముందు లోపల మిడతలున్నాయేమో చూస్తాను, లోపలే ఉండిపోతే గుడ్డను కొరికేస్తాయి. సంచిలో కలరా ఉండలు వేయను. రోహిణి కార్తె ఎండలో కారు డిక్కీలో సంచి వదిలి భోజనానికి వెళ్ళే అలవాటు కూడా మానుకున్నాను.

తిరిగి వచ్చిన గ్లైడర్‌ను ఆగస్టులో మైపాడుకు తీసుకువెళ్ళినప్పుడు మొదటి లాగుడుకే తలపైకి వచ్చి నిలబడింది. అలవాటు కొద్దీ బలంగా లాగినందుకు తలను దాటి ముందుకు దూకబోతే బ్రేకు పట్టి ఆపవలసి వచ్చింది. నవంబరులో కామ్‌షెట్‌లో గాలి నెమ్మదిగా ఉన్న ఉదయం, శిక్షణకు వాడే చిన్న వాలు మీద తొలి ఎగురుడు ఎగిరాను. చేతులు పైకి వదిలినప్పుడు బ్రేకు తాళ్ళు వెనుక అంచును లాగకుండా వదులుగా ఉన్నాయా, స్పీడ్ బార్ తొక్కినప్పుడు కూడా ఆ వదులు మిగిలిందా అన్నది ఆ రోజు ప్రత్యేకంగా చూసుకున్నాను. రెండూ సరిగానే ఉన్నాయి.

గ్లైడర్ తనిఖీకి, రిజర్వు మడతకు, కొత్త తాళ్ళకు, రానుపోను పార్సిలుకు కలిపి నాకు 9,400 రూపాయలయింది. తనిఖీ గడువు తయారీదారును బట్టి మారుతుంది. నా గ్లైడర్ పుస్తకంలో రెండేళ్ళు లేదా 100 గంటలు, ఏది ముందైతే అది అని ఉంది. ఇసుకలో ఆడించిన గంటలను కూడా కలిపి లెక్క వేసుకుంటే నాకు ఏడాదికే గడువు వస్తుంది. వచ్చే జూలైలో మళ్ళీ ఆ కేంద్రానికే పంపుతాను. ఈసారి హార్నెస్‌ను కూడా జతచేసి, పెట్టె మీద ‘ముందు అంచు వంచరాదు’ అని పెద్ద అక్షరాలతో హిందీలో రాయించి పంపుతాను.